ట్యాబ్ సింక్ డిజైన్: రికార్డులో ఏం ఉండాలి, సర్వర్‌కి ఏం తెలియకూడదు, అవతలి స్క్రీన్ మీద ఏం కనబడకూడదు?

ట్యాబ్‌లగంప అడిగిన ప్రశ్న:

ఓపెన్ సోర్స్ ఇంజిన్ మీద కట్టిన చిన్న బ్రౌజర్‌కి ట్యాబ్ సింక్ పెడుతున్నాం. ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉన్న ట్యాబ్‌లు ఫోన్‌లో కనబడాలి, ఫోన్‌వి ల్యాప్‌టాప్‌లో కనబడాలి. అంతే. బుక్‌మార్కుల సింక్ ఇప్పటికే నడుస్తోంది కాబట్టి ఆ సర్వరే వాడుకుందామని ఆలోచన.

ప్రస్తుతం అనుకున్నది ఇదీ. ఒక్కో డివైజ్‌కి ఒక్కో రికార్డు. అందులో డివైజ్ పేరు, ట్యాబ్‌ల జాబితా. ఒక్కో ట్యాబ్‌కి యూఆర్ఎల్, టైటిల్, ఫేవికాన్ (ట్యాబ్ మీద కనబడే సైట్ చిన్న బొమ్మ) అడ్రస్, చివరిసారి చూసిన సమయం మిల్లీసెకన్లలో, వెనక్కి వెళ్లడానికి అంతకు ముందు 5 యూఆర్ఎల్‌లు. ట్యాబ్‌లో ఏ మార్పు వచ్చినా రికార్డు మొత్తాన్ని జేసన్‌గా మార్చి, జీజిప్‌తో కుదించి (కంప్రెస్ చేసి), యూజర్ పాస్‌వర్డ్ నుంచి తీసిన కీతో ఎన్‌క్రిప్ట్ చేసి పైకి పంపుతాం. ప్రైవేట్ విండోలు పంపం.

ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ (యూజర్ డివైజ్‌లు తప్ప సర్వర్ కూడా విప్పలేనిది) ఉంటే ప్రైవసీ సంగతి తేలిపోయినట్టేనా, ఇంకా చూడాల్సినవి ఉన్నాయా? బుక్‌మార్కుల సింక్ ఆన్ చేసుకున్నవాళ్లకి ట్యాబ్‌లు కూడా ఆటోమేటిక్‌గా ఆన్ చేసేస్తే తప్పేమైనా ఉందా?

---

కీలగుత్తి సమాధానం:

ముందు ఆ జీజిప్ తీసేయండి.

కారణం ఏంటంటే, మీ రికార్డులో రెండు రకాల టెక్స్ట్ పక్కపక్కన ఉంటోంది. ఒకటి యూజర్ రహస్యం, అంటే వేరే ట్యాబ్‌ల యూఆర్ఎల్‌లు. రెండోది బయటివాళ్లు రాసేది, అంటే పేజీ టైటిల్. వెనక ట్యాబ్‌లో తెరిచి ఉన్న పేజీ తన టైటిల్‌ని స్క్రిప్ట్‌తో ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. మార్చినప్పుడల్లా మీరు అప్‌లోడ్ చేస్తున్నారు. టైటిల్‌లో పెట్టిన ముక్క ఇంకో ట్యాబ్ యూఆర్ఎల్‌లోని ముక్కతో కలిస్తే కంప్రెషన్ ఇంకాస్త బాగా అవుతుంది, ఎన్‌క్రిప్ట్ అయిన సైజు ఒకట్రెండు బైట్లు తగ్గుతుంది. ఆ సైజు చూడగలిగినవాడు అక్షరం తర్వాత అక్షరం ఊహిస్తూ పోవచ్చు. 2012లో బయటపడ్డ క్రైమ్, 2013లో వచ్చిన బ్రీచ్ అనే దాడులకి మూలం ఇదే. ఇక్కడ పేజీ నడిపేవాడు, నెట్‌వర్క్ చూసేవాడు ఒకడే కావాలి కాబట్టి అంత సులువేం కాదు. కానీ అసలు కంప్రెషన్ వల్ల మీకు ఒరిగేదేం లేదు. ట్యాబ్‌కి 200 బైట్లు వేసుకున్నా 100 ట్యాబ్‌లకి 20 కేబీ. దానికోసం ఇంత తలనొప్పి దేనికి?

కంప్రెషన్ తీసినా సైజు మాట్లాడుతూనే ఉంటుంది. రికార్డు 3 కేబీ నుంచి 9 కేబీకి పెరిగిందంటే ఓ పాతిక, ముప్పై ట్యాబ్‌లు తెరిచారని సర్వర్‌కి తెలిసిపోతుంది. ప్యాడింగ్, అంటే సైజు పెంచే ఉత్తుత్తి బైట్లు, వేయండి. 16 కేబీ లోపు ఉన్నదంతా సరిగ్గా 16 కేబీ చేయండి. దాటితే 32, 64, అలా రెట్టింపు. బ్యాండ్‌విడ్త్ దగ్గర పొదుపు కావాలంటే పాడ్మే అనే పద్ధతి ఉంది, అందులో అదనపు భారం గరిష్ఠంగా 12 శాతమే. ప్యాడింగ్ ఎన్‌క్రిప్ట్ చేయకముందు వేయాలి, అసలు పొడవు లోపలే దాచాలి.

అప్‌లోడ్ సమయాల సంగతి. టైటిల్ ఒక్కటే మారితే అప్‌లోడ్ వద్దు. చాట్ పేజీలు కొత్త మెసేజ్ వచ్చినప్పుడల్లా టైటిల్‌లో అంకె మారుస్తాయి. దాన్ని బట్టి అప్‌లోడ్ చేస్తే ఎవరు ఎప్పుడు చాట్ చేస్తున్నారో సర్వర్ లాగ్‌లోనే రాసిచ్చినట్టు. ట్యాబ్ తెరిచినా, మూసినా, వేరే పేజీకి వెళ్లినా "మారింది" అని గుర్తు పెట్టుకుని, కాస్త నిశ్శబ్దం వచ్చాక, 30 నుంచి 90 సెకన్ల మధ్య ఏదో ఒక ర్యాండమ్ విరామంతో ఒకేసారి పంపండి. దీని వల్ల వచ్చే చిక్కు ఒకటుంది: చివరి పేజీ చదువుతూ ల్యాప్‌టాప్ మూసేస్తే అదే ఫోన్‌లో కనబడదు, యూజర్లు తిట్టుకునేది సరిగ్గా దాని గురించే. అందుకని స్క్రీన్ లాక్, సస్పెండ్, యాప్ బ్యాక్‌గ్రౌండ్‌కి వెళ్లడం, ఈ మూడింటికీ ఆగకుండా పంపేయండి. మనిషి ఎప్పుడు మెలకువగా ఉన్నాడన్నది సర్వర్‌కి కొంత తెలియక తప్పదు, దాన్ని ప్రైవసీ పేజీలో దాపరికం లేకుండా రాసేయడమే మేలు.

ఇప్పుడు కీ. "పాస్‌వర్డ్ నుంచి తీసిన కీ" అన్నారు. అదే పాస్‌వర్డ్ లాగిన్ కోసం సర్వర్‌కి వెళ్తోందా? వెళ్తుంటే మీది పేరుకే ఎండ్-టు-ఎండ్. ఫైర్‌ఫాక్స్ చేసే పని చూడండి: పాస్‌వర్డ్‌ని డివైజ్‌లోనే సాగదీసి (ఊహించడం కష్టమయ్యేలా చాలా రౌండ్లు లెక్కకట్టి), ఒక కీ నుంచి వేర్వేరు కీలు తీసే హెచ్‌కేడీఎఫ్‌తో రెండు ముక్కలు చేస్తుంది. ఒక ముక్క లాగిన్‌కి వెళ్తుంది. రెండోది డివైజ్ దాటదు, అసలు డేటా కీని విప్పడానికి పనికొస్తుంది. సర్వర్‌కి పాస్‌వర్డ్ ఎప్పుడూ చేరదు.

సాగదీసే చోట కక్కుర్తి పడొద్దు. క్రోమ్ సింక్ పాస్‌ఫ్రేజ్‌కి మొదట్లో వాడింది పీబీకేడీఎఫ్2 అనే సాగదీసే పద్ధతి, ఎస్‌హెచ్ఏ-1తో 1003 రౌండ్లు, పైగా యూజర్లందరికీ ఒకటే సాల్ట్ (పాస్‌వర్డ్‌కి కలిపే అదనపు ముక్క). తర్వాత ఎస్‌క్రిప్ట్ అనే మరో పద్ధతికి మారారు. వెబ్ భద్రత మీద సూచనలిచ్చే ఓవాస్ప్ సంస్థ ఇప్పుడు చెప్పేది పీబీకేడీఎఫ్2 ఎస్‌హెచ్ఏ-256తో అయితే 6,00,000 రౌండ్లు. ఆర్గాన్2ఐడీ అనే పద్ధతి అయితే కనీసం 19 ఎంఐబీ మెమరీ, 2 ఇటరేషన్లు. పాత ఫోన్‌లలో కూడా ఇది సెకను లోపు అయిపోవాలి, లాగిన్ అప్పుడు ఒక్కసారే కదా.

ఆ కీతో నేరుగా డేటా ఎన్‌క్రిప్ట్ చేయకండి. 32 బైట్ల ర్యాండమ్ కీ ఒకటి పుట్టించి, పాస్‌వర్డ్ కీతో దాన్ని చుట్టిపెట్టండి. పాస్‌వర్డ్ మారితే చుట్టినది మాత్రమే మారుతుంది. బుక్‌మార్కులకి, ట్యాబ్‌లకి ఆ ర్యాండమ్ కీ నుంచి వేర్వేరు ఉపకీలు తీయండి. ఈ రెండూ ఒకే జాతి డేటా కాదు. బుక్‌మార్కులు పోతే యూజర్ ఏడుస్తాడు కాబట్టి రికవరీ దారి కావాలి, ఆ దారి ఎక్కడో ఒకచోట కీని బలహీనం చేస్తుంది. ట్యాబ్‌లకి ఆ అవసరమే లేదు, సర్వర్ మీదిది పోతే ప్రతి డివైజూ తన జాబితా మళ్లీ పంపుకుంటుంది. ఆపిల్ కూడా ఈ తేడా పాటిస్తుంది: ఐక్లౌడ్ ట్యాబ్‌లు, సఫారీ హిస్టరీ మామూలు సెట్టింగ్‌లోనే ఎండ్-టు-ఎండ్, బుక్‌మార్కులకి మాత్రం అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ ఆన్ చేసుకోవాలి.

అసలు పాస్‌వర్డే లేకుండా చేసే దారి కూడా ఉంది. బ్రేవ్‌లో 24 పదాల కోడ్ ఉంటుంది, అంటే 32 బైట్ల ర్యాండమ్ విత్తనం. బలం యూజర్ పెట్టుకున్న పాస్‌వర్డ్ మీద ఆధారపడదు. కానీ ఆ పదాలు స్క్రీన్‌షాట్ తీసినవాడు ఎప్పుడైనా గుంపులో చేరిపోగలడు. అందుకే వాళ్లు కాలంతో మారే 25వ పదం ఒకటి కలిపారు, పాత కోడ్ చెల్లకుండా.

చివరగా, ఏఈఎస్ జీసీఎమ్ ఎన్‌క్రిప్షన్ వాడుతుంటే అకౌంట్ ఐడీ, కలెక్షన్ పేరు, రికార్డు ఐడీ, ఫార్మాట్ వెర్షన్ నాలుగూ అదనపు ప్రామాణీకరణ డేటాగా (మారిస్తే డీక్రిప్ట్ కాకుండా) కట్టేయండి. లేకపోతే సర్వర్ ఒక డివైజ్ రికార్డుని ఇంకో డివైజ్ పేరు మీద ఇవ్వగలదు. ఫైర్‌ఫాక్స్ ఐడీని ఎన్‌క్రిప్ట్ అయిన భాగంలో కూడా పెట్టి, బయటి ఐడీతో పోల్చి, కలవకపోతే ఎర్రర్ ఇస్తుంది. పాత రికార్డుని మళ్లీ అంటగట్టకుండా లోపల పెరుగుతూ పోయే కౌంటర్ ఒకటి ఉంచండి; తీసుకునే డివైజ్ ఒక్కో అవతలి డివైజ్‌కి తాను చూసిన పెద్ద అంకె గుర్తుంచుకుని, అంతకంటే చిన్నది వస్తే తోసేయాలి.

---

అవతలితెర సమాధానం:

కీలగుత్తి గారు చెప్పినదంతా చేయండి, అందులో వాదన లేదు. కానీ దానితో ఆగితే వీధి తలుపుకి మూడు తాళాలు వేసి పెరటి తలుపు తీసి పెట్టినట్టే. యూజర్ ట్యాబ్‌లు నిజంగా ఎవరి కంట పడతాయో ఆలోచించండి. సర్వర్ అడ్మిన్ కంటే ముందు, అదే అకౌంట్‌తో లాగిన్ అయి ఉన్న ఇంకో స్క్రీన్ ముందు కూర్చున్నవాళ్ల కంట పడతాయి. ఇంట్లో అందరూ వాడే ట్యాబ్లెట్, మీటింగ్‌లో షేర్ చేసిన ఆఫీసు ల్యాప్‌టాప్, తిరిగి ఇచ్చేయని పాత ఫోన్. అక్కడ డేటా సక్రమంగా డీక్రిప్ట్ అయ్యే కనబడుతుంది, మీ క్రిప్టో అంతా సరిగ్గా పనిచేసినట్టే లెక్క.

మీ రెండో ప్రశ్నకి: తప్పే. బుక్‌మార్క్ అంటే మనిషి కావాలని దాచుకున్నది. తెరిచిన ట్యాబ్ అంటే ఈ క్షణంలో వెతుకుతున్న రోగ లక్షణం, కొత్త ఉద్యోగం, లాయర్. ఒకదానికి ఇచ్చిన అనుమతి రెండోదానికి చెల్లదు. ట్యాబ్‌లకి విడిగా అడగండి. అడిగేటప్పుడు "మీ అనుభవాన్ని మెరుగుపరుస్తాం" లాంటి కబుర్లొద్దు. "ఈ ల్యాప్‌టాప్‌లోని 14 ట్యాబ్‌లు ఈ రెండు చోట్ల కనబడతాయి" అని, ఆ రెండు డివైజ్‌ల పేర్లు, చివరిసారి సింక్ అయిన తేదీ చూపించి అడగండి. మర్చిపోయిన డివైజ్ ఏదైనా ఉంటే మనిషి అక్కడే గుర్తుపడతాడు.

స్విచ్ ఒకటి కాదు, రెండు కావాలి: "ఈ డివైజ్ ట్యాబ్‌లు బయటికి పంపు", "బయటి ట్యాబ్‌లు ఇక్కడ చూపించు". ఉమ్మడి ట్యాబ్లెట్‌లో రెండోది ఆపుకోవాలి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కూడా రెండోదే ముఖ్యం: సంస్థ నిర్వహించే మెషీన్‌లో అడ్మిన్ పెట్టిన ఎక్స్‌టెన్షన్లు, స్క్రీన్ రికార్డింగ్ ఉండొచ్చు. బ్రౌజర్‌ని సంస్థ పాలసీ నడుపుతోందని మీకు తెలుస్తుంది కదా, అలాంటప్పుడు "చూపించు" డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉండాలి.

ఇక చూపించే చోట్లు. కొత్త ట్యాబ్ పేజీ, అడ్రస్ బార్ సూచనలు, నోటిఫికేషన్లు, హోమ్ స్క్రీన్ విడ్జెట్, ఆపరేటింగ్ సిస్టమ్ సెర్చ్, ఇటీవలి యాప్‌ల బొమ్మలు. వీటిలో కొంప ముంచేది అడ్రస్ బార్. స్క్రీన్ షేర్ చేస్తూ ఒక్క అక్షరం కొట్టగానే ఫోన్‌లో రాత్రి తెరిచిన పేజీ టైటిల్ కింద వచ్చి కూర్చుంటుంది. డిఫాల్ట్‌గా అవతలి ట్యాబ్‌లు ఒక్క ప్యానెల్‌లోనే ఉండాలి, మనిషి కావాలని తెరిస్తేనే కనబడాలి. సూచనల్లో కావాలనుకున్నవాళ్లు ఆన్ చేసుకుంటారు.

ఫేవికాన్ అడ్రస్ రికార్డులోంచి తీసేయండి. ఫోన్ ఆ జాబితా చూపించేటప్పుడు ఐకాన్ కోసం ఆ సైట్‌కి వెళ్లిందంటే, ల్యాప్‌టాప్‌లో ఆ పేజీ చూస్తున్న మనిషి ఫోన్ ఐపీ అడ్రస్ ఆ సైట్‌కి మనమే చేతులారా ఇచ్చినట్టు. ఒకే మనిషివి రెండు డివైజ్‌లని కలిపేసుకుంటారు. ఆఫీసు లోపలి డొమైన్ పేర్లయితే బయటి డీఎన్ఎస్ (పేరుకి ఐపీ అడ్రస్ చెప్పే) సర్వర్‌కి చేరిపోతాయి. జాబితా గీసేటప్పుడు ఆ అడ్రస్‌లలో ఏ ఒక్కదానికీ ఒక్క ప్యాకెట్ కూడా వెళ్లకూడదు: ఐకాన్ లేదు, ప్రివ్యూ లేదు, ప్రీకనెక్ట్ లేదు, డీఎన్ఎస్ కూడా లేదు. ఫోన్ కాష్‌లో ముందే ఐకాన్ ఉంటే వాడుకోండి, లేకపోతే డొమైన్ మొదటి అక్షరం చాలు. ప్రీఫెచ్ చేస్తే, అంటే పేజీని ముందే తెచ్చుకుంటే, ఇంకో నష్టం: ఒక్కసారే పనిచేసే లింకులు మనిషి నొక్కకముందే ఖర్చైపోతాయి.

కొత్త డివైజ్ చేరినప్పుడు ఉన్న డివైజ్‌లన్నింటిలో నోటీసు రావాలి, మనిషి తీసేసేదాకా అక్కడే ఉండాలి. ఈమెయిల్ ఒక్కటే పంపితే చాలదు. ఒకరి మీద నిఘా పెట్టే దగ్గరివాళ్లకి చాలాసార్లు ఆ ఈమెయిల్ కూడా అందుబాటులో ఉంటుంది, వచ్చింది వచ్చినట్టు చెరిపేస్తారు.

డివైజ్ డిఫాల్ట్ పేరు విషయంలో ఒక్క మాట: ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే హోస్ట్ పేరు తీసుకోకండి, అందులో సాధారణంగా మనిషి పేరే ఉంటుంది. అకౌంట్ పేజీలో చూపించాలని ఈ పేరుని సర్వర్ దగ్గర ఎన్‌క్రిప్ట్ చేయకుండా పెట్టేస్తుంటారు. "ల్యాప్‌టాప్", "ఫోన్ 2" చాలు.

---

క్వెరీవాలు సమాధానం:

యూఆర్ఎల్‌ల గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తాను.

ఏ స్కీములు (అడ్రస్ మొదట్లో ఉండే ముక్క) పంపకూడదో జాబితా రాయకండి, ఏవి పంపాలో రాయండి: హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్. అంతే. ఫైల్ స్కీములో డిస్క్ మీద ఫోల్డర్ దారి, అందులో యూజర్ పేరు, డాక్యుమెంట్ పేరు ఉంటాయి, అవతలి డివైజ్‌లో తెరుచుకోదు కూడా. డేటా స్కీములో డాక్యుమెంటే మొత్తం ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఎక్స్‌టెన్షన్ పేజీల అడ్రస్‌లో ఇన్‌స్టాలేషన్‌కి ఒకటి చొప్పున ర్యాండమ్ ఐడీ ఉంటుంది. ఇంకోచోట పనికిరాదు, పైగా మనిషిని గుర్తుపట్టే ముద్ర. రీడర్ మోడ్‌లో ఉన్న పేజీకి మాత్రం లోపలి అసలు అడ్రస్ తీసి పంపండి, లేకపోతే చదువుతున్న వ్యాసమే జాబితాలోంచి మాయమవుతుంది.

అడ్రస్‌లో హోస్ట్ ముందు యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉంటే ఆ ముక్క తీసేయాలి. లోకల్‌హోస్ట్, డాట్ లోకల్ పేర్లు, 10, 172.16 నుంచి 172.31, 192.168 శ్రేణులు డిఫాల్ట్‌గా పంపొద్దు. ఇది ప్రైవసీ ఒక్కటే కాదు. ఇంట్లో 192.168.1.1 అంటే మీ రౌటర్. ఇంకో వైఫైలో ఉన్న ఫోన్‌లో అదే ట్యాబ్ నొక్కితే తెరుచుకునేది వేరేవాళ్ల రౌటర్. మీ పాస్‌వర్డ్ మేనేజర్‌కి ఆ రెండూ ఒకటే అడ్రస్, ఆటోఫిల్ చేయడానికి రెడీగా ఉంటుంది.

అసలు చిక్కు మామూలు హెచ్‌టీటీపీఎస్ లింకులతోనే. పాస్‌వర్డ్ రీసెట్ లింకు, "లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు" అనే డాక్యుమెంటు, మీటింగ్ లింకు. వీటిలో యూఆర్ఎల్ తెలిస్తే చాలు, లోపలికి వెళ్లినట్టే. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీలోని ట్యాగ్ బృందం 2014లో దీని మీద ప్రత్యేకంగా ముసాయిదా రాసింది. వీటన్నింటినీ గుర్తుపట్టే నియమం ఎవరూ రాయలేరు. ఎక్కువ భాగం తగ్గించే పనులు మాత్రం మూడున్నాయి.

మొదటిది, ఆ 5 పాత యూఆర్ఎల్‌లు పీకేయండి. టోకెన్లు, అంటే లోపలికి రానిచ్చే రహస్య ముక్కలు, దాగేది సరిగ్గా అక్కడే. మనిషి లాగిన్ అయ్యి హోమ్ పేజీకి చేరేసరికి మధ్యలో దాటిన పేజీలు వెనక్కి జాబితాలో పడి ఉంటాయి. మనిషికి కావాల్సింది ఇప్పుడున్న పేజీ ఒక్కటే. ఫోన్‌లో వెనక్కి బటన్ పనిచేయలేదని ఎవరూ ఫిర్యాదు చేయరు.

రెండోది, పేజీ కుదురుకున్నాకే రికార్డులోకి తీసుకోండి. రీడైరెక్ట్‌లు అయిపోయి, ట్యాబ్ ఆ అడ్రస్ మీద కనీసం 10 సెకన్లు నిలబడ్డాక. లాగిన్ మధ్య పేజీలు చాలామటుకు ఇక్కడే రాలిపోతాయి. స్క్రీన్ లాక్ అప్పుడు ఆగకుండా పంపమన్నారు కదా పైన, ఆ దారిలో కూడా ఈ 10 సెకన్ల నియమం తప్పకూడదు.

మూడోది, క్వెరీలో (అడ్రస్‌లో ప్రశ్నార్థకం తర్వాతి భాగం) కోడ్, స్టేట్ రెండూ కలిసి ఉన్నా, ఫ్రాగ్మెంట్‌లో (హాష్ గుర్తు తర్వాతి భాగం) యాక్సెస్ టోకెన్ లేదా ఐడీ టోకెన్ ఉన్నా, ఆ ట్యాబ్‌ని మొత్తంగా వదిలేయండి. ఆ ముక్క కోసి మిగతాది పంపితే అవతల ఎర్రర్ పేజీ తప్ప ఏం రాదు.

క్యాష్-కంట్రోల్ హెడర్‌లో నో-స్టోర్ (ఎక్కడా దాచుకోవద్దనే సూచన) ఉన్న పేజీలు వదిలేద్దామా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ ఏ రహస్యమూ లేని సైట్లు కూడా ఆ హెడర్ ఊరికే పంపేస్తుంటాయి. సగం ట్యాబ్‌లు కారణం లేకుండా మాయమైతే యూజర్ ఫీచరే పాడైందనుకుంటాడు.

సమయం మిల్లీసెకన్లలో అక్కర్లేదు. వరుస క్రమం కోసమే కదా, నిమిషానికి గుండ్రం చేయండి. వారం దాటినదానికి రోజు చాలు.

---

సున్నాలాగ్ సమాధానం:

ఇంత తర్జనభర్జన దేనికండీ, ఫ్రాగ్మెంట్, క్వెరీ రెండూ ఎప్పుడూ కోసేస్తే సరిపోదా?

---

క్వెరీవాలు సమాధానం:

సరిపోదండీ. క్వెరీ కోసేస్తే సెర్చ్ ఫలితాలు, వీడియోలు, ఫోరమ్ పేజీలు చాలా వాటికి అడ్రసే మిగలదు. ఫ్రాగ్మెంట్ కోసేస్తే ఒకే పేజీగా నడిచే యాప్‌లు కొన్ని హోమ్ స్క్రీన్‌కి వెళ్లిపోతాయి.

కానీ ఫ్రాగ్మెంట్ మీద మీ అనుమానంలో పస ఉంది. హాష్ గుర్తు తర్వాతి భాగాన్ని బ్రౌజర్ ఎప్పుడూ సైట్ సర్వర్‌కి పంపదు. అది తెలిసే కొన్ని ఫైల్ షేరింగ్ సేవలు డీక్రిప్షన్ కీని అక్కడ పెడతాయి, తమ సర్వర్‌కే కనబడకుండా. ఇప్పుడు సింక్ ఎండ్-టు-ఎండ్ కాకపోతే, ఆ సేవ తానే చూడనని ఒట్టేసుకున్న కీని సింక్ నడిపేవాడు చూస్తాడు. కాబట్టి నియమం ఇలా పెట్టుకోండి: ఎండ్-టు-ఎండ్ ఉంటే ఫ్రాగ్మెంట్ ఉంచండి, లేకపోతే ఆ ఫీచర్ విడుదలే చేయకండి.

---

ట్యాబ్‌లగంప మళ్లీ అడిగింది:

అందరికీ ధన్యవాదాలు. జీజిప్, 5 యూఆర్ఎల్‌లు, ఫేవికాన్ మూడూ తీసేస్తున్నాం. లాగిన్ పాస్‌వర్డ్ ఇప్పుడు సర్వర్‌కి వెళ్తోంది, అది కూడా మారుస్తాం.

ఇంకో మూడు సందేహాలు. "ఈ ట్యాబ్‌ని ఫోన్‌కి పంపు" బటన్ ప్రైవేట్ విండోలో ఉండొచ్చా? హిస్టరీ చెరిపితే అవతలి డివైజ్‌లలో ఏం జరగాలి? డివైజ్ తొలగిస్తే కీ మార్చాలా?

---

అవతలితెర సమాధానం:

ప్రైవేట్ విండో నుంచి మనిషి కావాలని పంపుకుంటే పంపనివ్వండి. షరతు ఒకటే: అవతల కూడా ప్రైవేట్ విండోలోనే తెరుచుకోవాలి. మెసేజ్‌లో ఒక గుర్తు పెడతారు, బాగానే ఉంది, కానీ ఫోన్‌లో పాత వెర్షన్ ఉంటే ఆ గుర్తు దానికి అర్థం కాదు. మామూలు ట్యాబ్‌లో తెరిచేస్తుంది, హిస్టరీలో పడుతుంది, అక్కడి నుంచి అన్ని డివైజ్‌లకీ సింక్ అవుతుంది. అందుకని ప్రతి డివైజూ తనకి ఈ గుర్తు తెలుసని ముందే ప్రకటించాలి. ప్రకటించని డివైజ్‌లు ప్రైవేట్ విండోలోని పంపే మెనూలో కనబడకూడదు.

ప్రైవేట్ విండోలు పంపం అని మీరు రాశారు, కానీ దొంగదారి ఒకటుంది. ప్రైవేట్ ట్యాబ్‌లో పేజీ మారినప్పుడు ఆ "మారింది" గుర్తు పడకూడదు. కోడ్‌లో ట్యాబ్ ఈవెంట్లు అన్ని విండోలకీ కలిపి వస్తాయి, వడపోత రికార్డు తయారుచేసే చోట పెడతారు. అప్పుడు జాబితాలో ప్రైవేట్ ట్యాబ్ ఉండదు గానీ అప్‌లోడ్ మాత్రం జరుగుతుంది. లోపల ఏ మార్పూ లేని రికార్డు మళ్లీ మళ్లీ వస్తోందంటే ప్రైవేట్ విండో వాడుతున్నారని అర్థం. వడపోత ఈవెంట్ అందిన చోటే పెట్టండి. ట్యాబ్‌ల సంఖ్య టెలిమెట్రీలోకి (బ్రౌజర్ మీకు పంపే వాడకం లెక్కల్లోకి) వెళ్తుంటే అక్కడా అంతే.

హిస్టరీ చెరిపితే రికార్డు అప్పటికప్పుడు పంపాలి, 30 సెకన్ల విరామం ఇక్కడ వర్తించదు. అయినా ఆఫ్‌లైన్‌లో ఉన్న ఫోన్‌లో పాత జాబితా ఉంటుంది. సర్వర్ రికార్డుకి గడువు, 21 రోజులనుకోండి, పెడతారు. ఫోన్‌లో డీక్రిప్ట్ చేసి దాచుకున్న కాపీకి అదే గడువు పెట్టకపోతే దాని వల్ల ఉపయోగం లేదు. ఆ కాపీ ఆండ్రాయిడ్ ఆటో బ్యాకప్‌లోకి, ఐక్లౌడ్ బ్యాకప్‌లోకి వెళ్లకుండా మినహాయించండి. లేకపోతే ఎండ్-టు-ఎండ్ అని ఇంత కష్టపడి దాచింది పక్క దారిలో మామూలు ఫైలుగా పైకి పోతుంది.

సైన్ అవుట్ అప్పుడు అవతలి ట్యాబ్‌ల కాపీని అడక్కుండా చెరిపేయండి. బుక్‌మార్కులకైతే "ఉంచాలా?" అని అడగాలి, వీటికి అక్కర్లేదు. వేరే అకౌంట్‌తో లాగిన్ అయితే, అప్పటికే తెరిచి ఉన్న ట్యాబ్‌లు ఆ కొత్త అకౌంట్‌కి పంపే ముందు ఒకసారి ఆగి అడగండి. వేరేవాళ్ల ల్యాప్‌టాప్‌లో ఒక్కసారి లాగిన్ అయినవాళ్ల ఫోన్‌లో ఆ ల్యాప్‌టాప్ యజమాని ట్యాబ్‌లన్నీ వచ్చి పడేది ఇక్కడే.

---

కీలగుత్తి సమాధానం:

కీ మార్చడం గురించి. డివైజ్ తొలగించినప్పుడు దాని సెషన్ టోకెన్ రద్దు చేస్తే అది సర్వర్ నుంచి కొత్తవి దించుకోలేదు. కీ మాత్రం దాని దగ్గరే ఉంటుంది. పోయిన ఫోన్‌కి టోకెన్ రద్దు చాలు. తొలగించింది ఒక మనిషిని దూరం పెట్టడానికైతే, లేదా సర్వర్ డేటా ఎప్పుడైనా బయటపడుతుందని భయముంటే, కొత్త కీ కావాలి. పాస్‌వర్డ్ మారిస్తే కీ మారిపోతుందని చాలామంది అనుకుంటారు. చుట్టిపెట్టే పద్ధతిలో మారదు. ఫైర్‌ఫాక్స్‌లోనూ అంతే, పాస్‌వర్డ్ మార్పులో కీ అలాగే ఉంటుంది, రికవరీ కీ లేకుండా రీసెట్ చేస్తేనే కొత్తది పుడుతుంది.

ట్యాబ్‌లకి ఉపకీ విడిగా తీయమన్నాను కదా, దాన్ని ఇంకాస్త విడదీసి ట్యాబ్‌లకి పూర్తిగా వేరే ర్యాండమ్ కీ పెట్టుకుంటే ఇక్కడ సుఖం. ప్రతి డివైజ్‌కి ఒక పబ్లిక్ కీ ఉంటుంది, దానితో చుట్టింది ఆ డివైజ్ ఒక్కటే విప్పగలదు. ఒక డివైజ్‌ని తొలగించగానే, ఆ తొలగింపు ఏ డివైజ్ నుంచి చేశారో అదే కొత్త ట్యాబ్ కీ పుట్టించి, మిగిలిన ఒక్కోదాని పబ్లిక్ కీతో చుట్టి పెడుతుంది. పాత రికార్డులు మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేసే పని లేదు, చెరిపేయడమే. ఎవరిది వాళ్లు మళ్లీ పంపుకుంటారు. బుక్‌మార్కులతో ఇంత తేలిగ్గా కుదరదు.

పుష్ (ఆపిల్, గూగుల్ సర్వర్ల ద్వారా ఫోన్‌ని లేపే మెసేజ్) గురించి మీరు అడగలేదు గానీ, జాబితా కోసం పుష్ వద్దు. ప్యానెల్ తెరిచినప్పుడు తెచ్చుకుంటే చాలు. "ఫోన్‌కి పంపు" కోసం మాత్రమే పుష్ వాడండి, అందులోనూ ఖాళీ మెసేజ్ పంపి ఫోన్‌ని లేపి, అసలు విషయం మీ సర్వర్ నుంచి తెచ్చుకోనివ్వండి. పుష్ ఎప్పుడు, ఏ యాప్‌కి, ఏ అకౌంట్‌కి వచ్చిందన్నది ఆపిల్, గూగుల్ సర్వర్లకి తెలుస్తుంది. ప్రభుత్వాలు ఆ సమాచారం అడుగుతున్నాయని 2023 డిసెంబర్‌లో అమెరికా సెనేటర్ రాన్ వైడెన్ లేఖతో బయటికొచ్చింది.

---

సున్నాలాగ్ సమాధానం:

నా పేరుకి తగ్గట్టు ఒక్క విషయం. సింక్ పాడైనప్పుడు వెతకడానికి డెవలపర్ డీబగ్ లాగ్‌లో యూఆర్ఎల్ ప్రింట్ చేస్తాడు, యూజర్ ఆ లాగ్‌ని పబ్లిక్ బగ్ రిపోర్ట్‌కి అతికిస్తాడు. యూఆర్ఎల్‌కి ఒక ప్రత్యేక టైప్ చేసి, దాన్ని ప్రింట్ చేయబోతే "ట్యాబ్ 7, హెచ్‌టీటీపీఎస్" అని మాత్రమే వచ్చేలా కట్టేయండి. యూఆర్ఎల్ బదులు దాని హాష్ (లెక్కకట్టి తీసిన గుర్తు) ప్రింట్ చేద్దామనే తెలివి వద్దు. తెలిసిన డొమైన్లన్నీ హాష్ చేసి పోల్చడం నిమిషాల పని.

విడుదలకి ముందు పరీక్ష ఇలా పెట్టండి. ల్యాప్‌టాప్‌లో 50 ట్యాబ్‌లు తెరవండి. ఒకదాని యూఆర్ఎల్‌లో, ఇంకోదాని టైటిల్‌లో ఎక్కడా దొరకని పొడవాటి పదం ఒకటి ఉంచండి. ఫోన్‌ని ప్రాక్సీ వెనక పెట్టి ప్యానెల్ తెరిచి, కిందదాకా జరపండి. సింక్ సర్వర్‌కి తప్ప ఇంకెక్కడికైనా రిక్వెస్ట్ పోతే విడుదల ఆపండి. తర్వాత ఆ పదం కోసం లాగ్ ఫైళ్లు, క్రాష్ డంప్‌లు (బ్రౌజర్ కూలినప్పటి మెమరీ కాపీలు), టెలిమెట్రీ, బ్యాకప్ ఫైల్, సర్వర్ డేటాబేస్ అన్నీ గాలించండి. క్రాష్ డంప్‌లో దొరుకుతుంది, ముందే చెబుతున్నా. ప్రాసెస్ మెమరీలో ఉన్నది డంప్‌లోకి రాకుండా ఆపడం కష్టం. డంప్ పంపే ముందు యూజర్‌ని అడగడం, సర్వర్‌లో త్వరగా చెరిపేయడం తప్ప దారి లేదు.

ఇటీవలి యాప్‌ల బొమ్మలో ప్యానెల్ కనబడకుండా ఆండ్రాయిడ్‌లో సెక్యూర్ ఫ్లాగ్ పెట్టొచ్చు, కానీ అది స్క్రీన్‌షాట్‌లని కూడా ఆపేస్తుంది, యూజర్లు గొడవ చేస్తారు. ప్యానెల్ తెరిచి ఉన్నంతసేపే పెట్టి, మూయగానే తీసేయండి. బ్రౌజర్ మొత్తానికి పెట్టకండి.